దోనా అంతోనియా తోటలు

వెసూవియో తోటలో ఎనిమిది గ్రానైట్ తొట్లున్నాయి. 1827లో కట్టినవి. ఒక్కొక్కటి పెద్ద గది అంత వెడల్పు, లోతు మాత్రం మనిషి తొడల దాకా. సెప్టెంబరులో ద్రాక్ష కోత మొదలైతే పగలంతా కోసిన గుత్తులు ఈ తొట్లలోనే పడేవి. రాత్రి భోజనాలయ్యాక మగవాళ్ళు కాళ్ళు కడుక్కుని, లాగులు పైకి మడుచుకుని, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని వరసలుగా తొట్టిలోకి దిగేవాళ్ళు. గట్టు మీద నిలబడ్డ మేస్త్రీ "ఎడమ, కుడి" అంటూ లెక్క తప్పకుండా పిలుస్తుంటే ఆ పిలుపుకి తగ్గట్టు అడుగు ఎత్తి అడుగు వెయ్యాలి. తొడల దాకా చల్లగా, బరువుగా, జిగురుగా ఉన్న ద్రాక్ష. మొదటి రెండు గంటలూ మాటా లేదు, పాటా లేదు, ఆ పిలుపు ఒక్కటే. పగలంతా కొండ మీద గంపలు మోసి వచ్చిన కాళ్ళే మళ్ళీ ఈ పని చేస్తున్నాయని గుర్తుంచుకోవాలి. రెండు గంటలు గడిచాక మేస్త్రీ ఇక విడిపోవచ్చని కేక వేసేవాడు. అప్పుడు అకార్డియన్ అందుకునేది, డప్పు అందుకునేది, వరసలు చెదిరిపోయేవి. అదే తొట్టిలో నృత్యం మొదలయ్యేది.

కాళ్ళతోనే ఎందుకు తొక్కాలి అంటే దానికి లెక్క ఉంది. ద్రాక్ష తొక్క బాగా నలగాలి, గింజ మాత్రం చితకకూడదు. గింజ చితికితే చేదు దిగుతుంది. మనిషి పాదానికి ఆ మెత్తదనమూ ఉంది, ఆ బరువూ ఉంది. పైగా ఇక్కడ చేసే పోర్ట్ వైన్‌కి వ్యవధి తక్కువ. మామూలు ఎర్ర వైన్ అయితే తొక్కలతో కలిసి వారం పైన పులుస్తుంది, రంగు నిదానంగా దిగుతుంది. పోర్ట్ రసం రెండు మూడు రోజులే పులుస్తుంది. తొక్కలో ఉన్న రంగూ వగరూ అంతా ఆ కాస్త సమయంలోనే రసంలోకి దిగిపోవాలి. అందుకే అంత మంది, అన్ని గంటలు, అంత క్రమశిక్షణ.

ఈ తోట పోర్చుగల్ ఉత్తరాన, డోరో నది ఒడ్డున ఉంది. స్పెయిన్ నుంచి వచ్చి పడమటి సముద్రం వైపు సాగే ఆ నది కొండల్ని నిలువునా కోసుకుంటూ పోతుంది. తొమ్మిది నెలలు చలికాలం, మూడు నెలలు నరకం అని ఆ లోయ గురించి అక్కడివాళ్ళే చెప్పుకుంటారు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సాగుకు పనికొచ్చే మట్టి దాదాపు లేదు. ఉన్నదల్లా పలకలు పలకలుగా విడిపోయే రాయి. గునపంతో, సమ్మెటతో, లొంగకపోతే మందుగుండుతో ఆ రాయిని పగలగొట్టి, పెద్ద ముక్కలతో వాలుకు అడ్డంగా గోడ పేర్చి, చిన్న ముక్కలు దాని వెనక నింపితే ఒక కయ్య తయారవుతుంది. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి అంతే. ఒక్కో కయ్యలో ఒకటో రెండో వరసల తీగలు పడతాయి. నది గట్టు నుంచి కొండ నెత్తి దాకా అలా మెట్లు మెట్లుగా కట్టుకుంటూ పోయారు. డోరో లోయ అందం గురించి రాసేవాళ్ళంతా ఆ మెట్ల గురించే రాస్తారు. వాటిని కట్టిన చేతులెవరివో చెప్పేవాళ్ళు తక్కువ. ఎక్కువ మంది సరిహద్దు అవతలి గలీసియా నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన కూలీలు, పక్క కొండల పేదలు. ఏ గోడ మీదా వాళ్ళ పేరు లేదు.

ఈ వైన్‌ని లోకానికి అలవాటు చేసింది ఇంగ్లీషువాళ్ళు. ఫ్రాన్సుతో యుద్ధాల వల్ల అక్కడి వైన్ అందక, పోర్చుగల్ వైపు తిరిగారు. 1703 నాటి మెథ్యూన్ ఒప్పందంతో పోర్చుగీసు వైన్ మీద ఇంగ్లండులో సుంకం ఫ్రెంచి వైన్ కన్నా తక్కువైంది. సముద్ర ప్రయాణంలో చెడిపోకుండా కాస్త ద్రాక్ష స్పిరిట్ కలపడం మొదలైంది. తర్వాత్తర్వాత ఆ స్పిరిట్‌ని పులుస్తుండగానే పోసి, పులియడం మధ్యలో ఆపి, పండులోని తీపిని అలాగే నిలపడం పద్ధతిగా స్థిరపడింది. 77 శాతం ఆల్కహాలున్న స్పిరిట్ 115 లీటర్లు, రసం 435 లీటర్లు, వెరసి 550 లీటర్లు. అదే ఒక పీపా. గిరాకీ పెరిగేకొద్దీ కల్తీ పెరిగింది, ధర కూలింది. అప్పుడు పోర్చుగల్‌ని ఏలుతున్న మంత్రి పోంబాల్ 1756లో ఒక కంపెనీ పెట్టి, డోరో లోయలో మంచి వైన్ పండే నేలకు సరిహద్దులు గీయించాడు. హద్దుల వెంట గ్రానైట్ రాళ్ళు పాతించాడు. ప్రపంచంలో ప్రభుత్వం ఇలా గిరి గీసి కాపాడిన తొలి వైన్ సీమల్లో ఇదొకటి. ఆ రాళ్ళు కొన్ని ఇప్పటికీ తోటల మధ్య నిలబడే ఉన్నాయి.

వెసూవియో తోట వేసిన ఫెరేరా కుటుంబం వ్యాపారానికి చెప్పుకునే మొదలు ఆ గిరి కన్నా అయిదేళ్ళు ముందు, 1751. పోర్ట్ వ్యాపారంలో పెద్ద పేర్లన్నీ విదేశీవే అయిన రోజుల్లో ఇది నికార్సయిన పోర్చుగీసు ఇల్లు. వాళ్ళు సముద్రం దగ్గరి పోర్టో రేవు నుంచి తోటల్లోకి వెళ్ళినవాళ్ళు కాదు. తోటల్లోంచి వ్యాపారంలోకి వచ్చినవాళ్ళు. 1811లో రెగ్వా పట్నం పక్కన ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల అంతోనియా అడిలైడ్ ఫెరేరా. ఆస్తి బయటికి పోకుండా 1834లో ఆమెను తండ్రి సోదరుడి కొడుకు అంతోనియో బెర్నార్దోకి ఇచ్చి చేశారు. ఆ ఇళ్ళలో అది మామూలే. వెసూవియో తోట వేయించి ఆ ఎనిమిది తొట్లూ కట్టించింది ఆమె మామగారే. భర్తకి మాత్రం తోట కన్నా పట్నం, పోర్టో కన్నా పారిస్ ఇష్టం. 1844లో ఆయన పోయేనాటికి ఆమెకి 33 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, బోలెడు తోటలు, వాటితోపాటు చిక్కులు.

ఆ కాలపు పోర్చుగల్‌లో అంత ఆస్తి ఉన్న వితంతువు ఏం చేయాలో అందరికీ తెలుసు. లెక్కలు ఎవరో ఒక బంధువు చేతిలో పెట్టి ప్రార్థన పుస్తకం పట్టుకోవాలి. ఆమె తోటమాలులతో కలిసి కొండలెక్కింది. గోడ ఎక్కడ జారిందో, ఏ కయ్యలో తీగ ఎండిందో, ఏ పీపా కారుతోందో స్వయంగా చూసేది. భర్త దగ్గర పనిచేసిన నిర్వాహకుడు ఫ్రాన్సిస్కో జోజె ద సిల్వా తోరెస్‌ని పక్కన పెట్టుకుని ఒక్కో తోటా కొంటూ వెళ్ళింది. లోయ అంతా ఆమెని మర్యాదగా దోనా అంతోనియా అని, ముద్దుగా ఫెరేరిన్యా అని పిలిచేది.

ఆస్తి మీద కన్ను పడనిదెవరిది? దేశంలో అప్పటికి అందరికన్నా బలవంతుడైన సల్దాన్యా ప్రభువు తన కొడుక్కి ఆమె కూతురిని అడిగాడు. పిల్లకి పన్నెండేళ్ళు కూడా లేవు. తల్లి కుదరదంది. ప్రభువు మనుషులు పిల్లని ఎత్తుకుపోవడానికి వస్తున్నారని తెలిసి 1854లో ఆమె కూతురిని వెంటబెట్టుకుని, పల్లెటూరి ఆడవాళ్ళలా ముసుగేసుకుని, కొండదారుల్లో సరిహద్దు దాటి స్పెయిన్‌కి, అక్కణ్ణించి లండన్‌కి పారిపోయింది. సిల్వా తోరెస్‌ని రెండో పెళ్ళి చేసుకున్నది అక్కడే. ఈ కథని లోయలో ఇప్పటికీ రుచిగా చెప్పుకుంటారు. కానీ ఇందులో కాస్త ఆగి చూడాల్సింది ఒకటుంది. తోటల వారసత్వం అనేది ఎంతసేపూ తండ్రి నుంచి కొడుక్కి వచ్చే సంగతిగా చెబుతారు. ఈ ఇంట్లో అది నిలబడింది ఒక తల్లి కూతురిని ధారపోయడానికి ఒప్పుకోనందువల్ల.

*

కోత రోజుల్లో తోటకి మనుషులు ఎక్కడి నుంచి వచ్చేవాళ్ళు? లోయలో అంత జనం లేరు. పైన కొండల మీద, చలికి రై ధాన్యం తప్ప ఏదీ సరిగా పండని ఊళ్ళు ఉండేవి. ఆ ఊళ్ళలో ఒక మేస్త్రీ ఉండేవాడు. ఎన్ని రోజుల పని, ఎంత కూలి, బత్తెం ఏమిటి అన్నది తోట యజమానితో ముందే మాట్లాడుకుని, ఊళ్ళో ఆడా మగా పిల్లా అందరినీ జట్టు కట్టించి కాలినడకన దింపేవాడు. ఆ జట్టుని రోగా అనేవాళ్ళు. ముందు డప్పు, అకార్డియన్, వెనక మూటలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు. ఏటేటా అదే ఊరి వాళ్ళు అదే తోటకి వచ్చేవాళ్ళు. తాత తొక్కిన తొట్టిలోకే మనవడు దిగేవాడు. తోట యజమానులకు ఒక వంశావళి ఉన్నట్టే కూలీలకూ ఒక వంశావళి ఉండేది. కాకపోతే దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు.

ఆడవాళ్ళు కోసేవాళ్ళు, మగవాళ్ళు మోసేవాళ్ళు. పొడుగాటి వెదురు బుట్టలు కాదవి, చెక్కబద్దలతో అల్లిన గంపలు. నిండితే 60 కిలోల పైనే. వాటిని వీపు మీద పెట్టుకుని, నుదుటికి పట్టీ బిగించి, ఒకరి వెనక ఒకరు ఆ రాతి మెట్లు దిగేవాళ్ళు. పడుకోవడానికి తోటలో ఒక రాతి కొట్టం ఉండేది. కింద గడ్డి పరుపు. తినడానికి మొక్కజొన్న రొట్టె, కూరాకుల చారు, ఎప్పుడైనా ఎండు చేప. యజమాని ఇంట్లో వెండి పళ్ళేలున్నా అది వాళ్ళు గుమ్మంలోంచి చూసేదే. పని చివరి రోజున మాత్రం జట్టంతా పెద్దింటి ముందుకి వచ్చేది. గుత్తులతో, కాగితపు పూలతో, రంగు రిబ్బన్లతో అలంకరించిన కొమ్మనొకదాన్ని ఒక పిల్ల తీసుకెళ్ళి యజమానికో యజమానురాలికో ఇచ్చేది. అటు నుంచి వైన్, కొంచెం డబ్బు, అందరికీ భోజనం. తెల్లారితే మళ్ళీ కొండదారి.

ఈ సంబరాన్ని చూసి మురిసిపోవడం తేలిక. ఆ కొండ ప్రాంతంలోనే పుట్టిన డాక్టరు, రచయిత మిగెల్ తోర్గా 1945లో వచ్చిన 'విందిమా' నవలలో ఆ పాటల వెనక ఉన్న ఆకలినీ, కొట్టానికీ పెద్దింటికీ మధ్య ఉన్న దూరాన్నీ చూపించాడు. పోయిన జీవితాన్ని తలుచుకునేటప్పుడు రెండూ తలుచుకోవాలి. రాత్రి తొట్టిలో నృత్యం చేసినవాళ్ళు సంతోషంగానే చేశారు. ఆ సంతోషాన్ని చూపించి వాళ్ళకి తక్కువ కూలి ఇచ్చారన్నదీ నిజమే.

*

తోటలో పుట్టిన వైన్ తోటలో ముదిరేది కాదు. చలికాలం గడిచాక నది దిగి, సముద్రం దగ్గర పోర్టో నగరానికి ఎదుటి ఒడ్డున ఉన్న విలా నోవా ద గాయా గిడ్డంగులకు వెళ్ళేది. అక్కడి చల్లని, తేమ గాలిలో పీపాల్లో ఏళ్ళ తరబడి ఉండేది. 1986 దాకా ఎగుమతి కూడా అక్కణ్ణించే సాగాలని చట్టం. అంటే తోట ఎంత గొప్పదైనా నది దాటనిదే దాని వైన్‌కి విలువ ఉండేది కాదు. ఆ నదిని దాటించేది రబేలో పడవ.

అడుగు బల్లపరుపుగా, తెరచాప నలుచదరంగా, చుక్కాని బదులు వెనక ఒక పొడుగాటి తెడ్డు. పేర్చిన పీపాల మీదుగా ముందున్న రాళ్ళు కనబడాలి కనుక సరంగు ఎత్తయిన మంచె మీద నిలబడి ఆ తెడ్డు తిప్పేవాడు. దిగువకు ప్రవాహమే లాక్కుపోయేది, దాన్ని రాళ్ళకి కొట్టుకోకుండా చూడడమే పని. ఎగువకు రావడం ఇంకో రకం కష్టం. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద ఎడ్లు, ఎడ్లు నడవలేని చోట మనుషులే తాడు భుజాన వేసుకుని లాగేవాళ్ళు. గోదావరి డెల్టా కాలువల మీద గూటి పడవల్ని తాడు కట్టి లాగిన కళాసుల గురించి పెద్దల నోట విన్నవాళ్ళకి ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే, ఆ కాలువలు నెమ్మది నీళ్ళు. డోరో మాత్రం సుడులూ దూకుళ్ళూ ఉన్న కొండ నది.

ఆ దూకుళ్ళలో పేరు మోసింది వలైరా ఇరుకు. రెండు కొండలు దగ్గరికొచ్చి నది గొంతు నొక్కేసిన చోటు. 1780లో మొదలుపెట్టి పన్నెండేళ్ళు రాళ్ళు పేల్చాక గాని పడవకి దారి దొరకలేదు. అంతవరకూ ఎగువ డోరో నది మార్గానికి తలుపు మూసేసినట్టే. దారి తెరిచాక కూడా పడవవాళ్ళు ఆ చోటుకి రాగానే పైన కొండ మీది సావ్ సల్వదోర్ గుడి వైపు దణ్ణం పెట్టుకునేవాళ్ళు.

1861 మే 12న ఆ ఇరుకులోనే ఒక పడవ తిరగబడింది. అందులో దోనా అంతోనియా ఉంది. వెసూవియోలో ఆమె ఇంట అతిథిగా ఉన్న జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ కూడా ఉన్నాడు. ఇంగ్లండులోని హల్ పట్నంలో పుట్టి పోర్టోలో స్థిరపడిన ఆ వైన్ వర్తకుడు డోరో నదికి మొదటిసారి సవివరమైన పటం గీసినవాడు, పోర్ట్‌లో కల్తీని, అతిగా స్పిరిట్ పోయడాన్ని ఎదిరించి 1844లో కరపత్రం రాసి తోటి వర్తకులకు శత్రువైనవాడు. పోర్చుగల్ రాజు ఆయనకి బారన్ బిరుదు ఇచ్చాడు. రాయి రాయీ ఎరిగిన ఆ నదే ఆయన్ని మింగేసింది. రైతులకి చెల్లించాల్సిన బంగారు నాణేలు నడుముకి కట్టుకుని ఉన్నాడని, ఆ బరువే ముంచిందని చెబుతారు. శవం దొరకలేదు. అంతోనియా బతికింది. అప్పటి ఆడవాళ్ళు తొడిగే గొడుగులాంటి పెద్ద లంగా గాలి పట్టి ఆమెని తేల్చిందని లోయ మొత్తం నమ్ముతుంది. నిజమో కాదో గానీ, ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళలో ఆమె చేసిన పనులు చూస్తే ఆ కథ పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

అంతకుముందే, 1850ల్లో, తీగలకి బూడిద తెగులు పట్టింది. గంధకం చల్లి దాన్ని ఎలాగో నిలబెట్టుకున్నారు. 1860ల్లో వచ్చిన ఫిలోక్సెరాకి మందే లేదు. అమెరికా నుంచి వచ్చిన సూక్ష్మమైన పేను అది, వేరులో చేరి రసం పీల్చి తీగని చంపేస్తుంది. ఒకదాని తర్వాత ఒకటిగా కొండలు ఎండిపోయాయి. అమ్ముకుందామన్నా కొనేవాడు లేక రైతులు గోడల్ని అలాగే వదిలేసి బ్రెజిల్ ఓడ ఎక్కారు. అలా వదిలేసిన కయ్యల్ని అక్కడ మోర్తోరియో అంటారు. నూటయాభై ఏళ్ళు గడిచినా చాలా కొండల మీద అవి అలాగే ఉన్నాయి. గోడలున్నాయి, తీగల్లేవు, మధ్యలో పొదలు, ఎవరో నాటిన ఆలివ్ చెట్లు. చివరికి మందు కూడా అమెరికా నుంచే వచ్చింది. ఆ పేనుకి తట్టుకునే అమెరికా తీగని పాతి, దాని మీద తమ ద్రాక్షని అంటు కట్టడం. కొండలన్నీ మళ్ళీ తవ్వి, గోడలు మళ్ళీ కట్టి, ఒక్కో అంటూ చేత్తో కట్టాలి. అంత డబ్బు, అంత ఓపిక ఉన్నవాళ్ళు ఎంత మంది?

అంతోనియాకి రెండూ ఉన్నాయి. పంట ఎక్కువై ధర పడిపోయిన కాలంలో ఆమె చిన్న రైతుల దగ్గర వైన్ కొని నిల్వ చేసింది. పురుగు వచ్చి వైన్ కరువైనప్పుడు ఆ నిల్వలే బంగారమయ్యాయి. ఆమెని పేదల తల్లి అన్నవాళ్ళున్నారు, గట్టి వ్యాపారి అన్నవాళ్ళూ ఉన్నారు. రెండూ ఒకే మనిషిలో ఉండకూడదని ఎక్కడా లేదు. ఆస్పత్రులకి డబ్బిచ్చింది, దారులు వేయించింది, అప్పుల్లో మునిగినవాళ్ళ తోటలూ కొంది. చనిపోయేనాటికి ఆమె చేతిలో ఇరవైకి పైగా తోటలు.

వాటిలో ఆఖరిది అన్నిటికన్నా సాహసం. 1877లో, 66 ఏళ్ళ వయసులో, ఫోజ్ కోవా పురపాలక సంఘం వేలం వేసిన 300 హెక్టార్ల బీడుని ఆమె కొంది. మన లెక్కలో దాదాపు 740 ఎకరాలు. ఎగువ డోరోలో, స్పెయిన్ దిశగా, ఎవరూ తీగ నాటని చోటు. పేరు వాలె మెయావ్. అప్పటికి రెగ్వా దాకా కూడా రైలు రాలేదు. 1879లో రెగ్వాకి వచ్చింది, ఏడాదికి ఇంకా ఎగువనున్న పిన్యావ్ చేరింది, 1887 చివరికి సరిహద్దు మీది బార్కా దల్వా దాకా పట్టాలు పడ్డాయి. ఆ దారి వాలె మెయావ్ పొలంలోంచే పోతుంది. రైలు వస్తుందని ముందే చూసి కొన్నదనిపిస్తుంది. కొత్త నేల, కొత్త అంటు తీగలు, కొత్త రాతి తొట్లు, పనివాళ్ళకి ఇళ్ళు, గుడి. 1895 నాటికి పని పూర్తయింది. 1896 మార్చిలో, 84వ ఏట, ఆమె కన్నుమూసింది.

*

పోర్చుగల్‌లో ఆస్తి పిల్లలందరికీ వాటాలుగా పంచాలి. పెద్ద తోట రెండు తరాలు దిగేసరికి దాయాదుల కాగితాల్లో ముక్కలవుతుంది. ఫెరేరా వారసులు 1898లో తోటల్నీ వ్యాపారాన్నీ కలిపి ఒక కంపెనీగా చేసుకుని ఆ చీలికని కొంతకాలం ఆపారు. తోట అలాగే ఉంది. దాని యజమాని మాత్రం ఒక మనిషి కాకుండా వాటాదార్ల జాబితా అయింది. ఎవరో ఒక అమ్మమ్మ కయ్యల్లో తిరిగి గోడలు చూసుకోవడం అక్కడితో ముగిసింది. పోర్టోలో సమావేశాలు, లాభనష్టాల పట్టీలు వచ్చాయి.

పడవలకి రైలు పోటీ వచ్చినా అవి వెంటనే చావలేదు. అరవై డెబ్బై ఏళ్ళు రెండూ పక్కపక్కనే నడిచాయి. ఆల్వెస్ రెదోల్ పడవవాళ్ళ ఊరు ఒకదాని మీద 'పోర్టో మాన్సో' అనే నవల 1946లో రాసేనాటికి ఆ వృత్తి చివరి రోజుల్లో ఉంది. పిన్యావ్ స్టేషన్ గోడల మీద 1937లో అతికించిన నీలి పింగాణీ పలకల బొమ్మల్లో కోత ఉంది, గంపలు ఉన్నాయి, పీపాలతో పడవ ఉంది. వాటిని అతికించినప్పుడు అది కిటికీలోంచి కనిపించే రోజువారీ పని. 1960ల నడుమ ఆఖరి సరుకు పడవ దిగువకు వెళ్ళింది.

కొండ ఊళ్ళ నుంచి జట్లు రావడం ఆగింది కూడా ఆ దశకంలోనే. 1961లో అంగోలాలో మొదలై గినీ, మొజాంబిక్‌లకి పాకిన వలసరాజ్యాల యుద్ధానికి కుర్రవాళ్ళని పిలిచేవాళ్ళు. యుద్ధానికి వెళ్ళడం ఇష్టం లేనివాళ్ళు, ఆకలికి ఓపిక లేనివాళ్ళు లక్షల్లో దొంగదారిన ఫ్రాన్స్ చేరారు. తాత తొక్కిన తొట్టిలోకి దిగాల్సిన మనవడు పారిస్ శివార్లలో సిమెంటు కలుపుతున్నాడు. తొక్కడానికి కాళ్ళు లేక తోటలు అల్జీరియా పద్ధతి తొట్లు తెప్పించుకున్నాయి. పులుస్తున్న రసంలోంచి వచ్చే వాయువు ఒత్తిడితోనే రసం పైకి చిమ్మి తొక్కల మీద పడేలా చేసే తొట్లవి. కరెంటు అక్కర్లేదు, అప్పటికి చాలా తోటల్లో కరెంటు లేదు కూడా. ఈ సంగతి చెప్పుకోవాలి. తొక్కడం పాత పద్ధతని ఎవరూ విసుగెత్తి మానలేదు. మనుషులు దొరక్క మానారు.

తర్వాత నది మారింది. 1971 నుంచి 1985 మధ్య పోర్చుగల్ భాగంలో డోరో మీద అయిదు ఆనకట్టలు లేచాయి. వలైరా దగ్గరే ఒకటి, 1976లో. ఫారెస్టర్‌ని మింగిన ఇరుకు ఇప్పుడు నిండు చెరువు అడుగున ఉంది. పర్యాటకుల ఓడలు దాని మీదుగా హాయిగా పోతాయి. కొండల మీద బుల్డోజర్లు గోడల్లేని వెడల్పు మెట్లు కోశాయి. 1980ల్లో ప్రపంచ బ్యాంకు అప్పుతో 2,500 హెక్టార్లలో కొత్త తోటలు వేశారు. పాత తోటల్లో ముప్పై నలభై రకాల తీగలు కలగాపులగంగా ఉండేవి, ఏది ఏదో ముసలి తోటమాలికే తెలుసు. ఇప్పుడు ఎంచిన అయిదారు రకాలు వేరు వేరు మడుల్లో.

ఆ మార్పుల మధ్యే వాలె మెయావ్‌లో ఒక కొత్తదీ పుట్టింది. ఫెరేరా కంపెనీ వైన్ నిపుణుడు ఫెర్నాందో నికొలావ్ ద అల్మైదా ఫ్రాన్స్ వెళ్ళి చూసివచ్చి, స్పిరిట్ కలపని మేలి ఎర్ర వైన్ ఇక్కడా చేయొచ్చనుకున్నాడు. చల్లబరచడానికి యంత్రాల్లేవు. పోర్టో వైపు నుంచి రంపపు పొట్టు కప్పిన మంచుగడ్డలు రాత్రిపూట లారీల్లో తెప్పించి 1952లో 'బార్కా వెల్యా' చేశాడు. పోర్చుగల్ వైన్‌లలో దానికున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. డోరో అంటే పోర్ట్ ఒక్కటే కాదని మొదట నిరూపించింది ఆ తోటే.

1987లో ఫెరేరా కంపెనీని సోగ్రాపె అనే మరో వైన్ కంపెనీ కొనేసింది. 236 ఏళ్ళ ఇల్లు చేతులు మారింది. రెండేళ్ళకు వెసూవియో పోర్ట్ వర్తకులైన సిమింగ్టన్ కుటుంబం చేతికి వెళ్ళింది. మంచి ఇంటికే వెళ్ళిందని చెప్పాలి. 1827 నాటి ఆ తొట్లలో వాళ్ళు ఇప్పటికీ మనుషులతోనే తొక్కిస్తున్నారు. అదే కుటుంబం మిగతా తోటల కోసం పాదాల ఒత్తిడిని అనుకరించే యంత్రాల్ని తయారుచేయించింది. అంతోనియా సంతతికి చెందిన ఫ్రాన్సిస్కో జావియెర్ ద ఒలజబాల్ బంధువుల వాటాలు ఒక్కొక్కటే కొంటూ వాలె మెయావ్ మొత్తాన్ని కూడగట్టాడు. 1998లో ఫెరేరా అధ్యక్ష పదవి వదిలేసి, మరుసటి ఏడు పంటతో తోట పేరు మీదే సొంత వైన్ చేశాడు. 1818 నుంచి ఆ వంశం చేతిలోనే ఉన్న వల్లాదో తోట కూడా తరాల తరబడి ఫెరేరాకి ఇస్తూ వచ్చిన సరుకు ఆపి సొంత సీసా పట్టింది. 1986లో గాయా నిబంధన సడలకపోతే తోటలు సొంత పోర్ట్‌ని నేరుగా ఎగుమతి చేయడం సాధ్యమయ్యేది కాదు. 2001లో యునెస్కో 24,600 హెక్టార్ల కొండ మెట్లని ప్రపంచ వారసత్వంగా ప్రకటించింది. రబేలో పడవలు ఏటా జూన్ 24న, సెయింట్ జాన్ పండగ రోజున, వైన్ కంపెనీల పేర్లున్న తెరచాపలతో పోర్టో ఎదుట పందెం ఆడతాయి. పీపాలు వాటిలో అలంకారానికే.

పెద్ద పేరున్న తోటల కథ ఇలా ఏదో ఒక దారి వెతుక్కుంది. లోయలో వేలాది చిన్న రైతులు వేరే ఉన్నారు, ఒకటి రెండు హెక్టార్ల వాళ్ళు. సీసా మీద వాళ్ళ పేరుండదు. పండు కంపెనీకి అమ్ముకోవడమే వాళ్ళ బతుకు. పోర్ట్ తాగేవాళ్ళు ప్రపంచమంతటా తగ్గుతున్నారు. 2024 కోతల నాటికి కంపెనీల గిడ్డంగులు నిండిపోయి ఉండడంతో చాలామందికి కొనేవాళ్ళు దొరకలేదు. తరాల నుంచి ఒకే ఇంటికి పండు ఇస్తున్నవాళ్ళకి కూడా ఆ ఏడు వద్దన్న కబురు వచ్చింది. కోతకి కొండ ఊళ్ళ జట్లు లేవు, చాలా చోట్ల కాంట్రాక్టర్లు వ్యాన్లలో దింపే వలస కూలీలే. ఆ కూలి ఖర్చు కూడా పండు ధరలో రావడం లేదు. ప్రభుత్వం మిగులు వైన్‌ని కాచి ఆల్కహాలు చేయడానికి డబ్బిచ్చింది. ఇక్కడే రైతుల అసలు ఫిర్యాదు. పోర్ట్‌లో పోసే స్పిరిట్ చాలావరకు డోరోది కాదు, బయటి నుంచి చవగ్గా కొని తెస్తున్నది. దాన్ని ఈ లోయలో మిగిలిపోతున్న వైన్ నుంచే తీయాలని చట్టం చేయమంటున్నారు. ఖర్చు పెరుగుతుందని ఎగుమతిదార్లు ఒప్పుకోవడం లేదు. ధర పడిపోయిన ఏడు చిన్న రైతుల వైన్ ఎవరు కొంటారన్న ఆ పాత ప్రశ్నకి ఒకప్పుడు ఫెరేరిన్యా తన డబ్బుతో జవాబు చెప్పింది. ఇప్పుడు దాన్ని రెగ్వాలో రైతు సంఘాలు, లిస్బన్‌లో మంత్రులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి.